కొలువు మెట్ల కింద నా రైలు

ఆ రైలు దారి గీసింది నేను. ముందు ఆ ఒక్క మాట రాయి, మిగతాది తర్వాత చెబుతానని మా అమ్మాయితో అన్నాను. నేను చెబుతున్నాను, తను రాస్తోంది. మధ్యలో బాగుచెయ్యబోతే ఊరుకోనని కూడా చెప్పాను. నాకు సంతకం వచ్చు. బస్సు మీద నంబరు వచ్చు. దుకాణం బోర్డు కూడబలుక్కుని చదువుతాను. అంతకుమించి అక్షరాలతో నాకు పని పడలేదు. కానీ గడుల కాగితం ఒకటి నా ముందు పెట్టండి, అప్పుడు చూద్దాం ఎవరు చదువుకున్నవాళ్ళో.

మాది పోచంపల్లి పక్క ఊరు. మగ్గాల ఇల్లు. మా దగ్గర చీర మీద పువ్వు నేసేటప్పుడు పుట్టదు, నూలు దగ్గరే పుడుతుంది. నూలును కట్టలుగా సాగదీసి, రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టి, ఆపైన రంగులో ముంచుతాం. చిటికి కట్టడం అంటాం దాన్ని. ఎక్కడ కట్టాలో గడుల కాగితం చెబుతుంది, గడికి ఇన్ని పోగులని లెక్క. తొమ్మిదో ఏట మా నాయన గీసిన కాగితం చూసి కట్టేదాన్ని, పదమూడో ఏట నేనే గీసేదాన్ని. అయితే మేము బొమ్మ ఎప్పుడూ సగమే గీస్తాం. నూలును మడతపెట్టి కడతాం కాబట్టి ఇటు సగం కడితే అటు సగం దానంతట అదే వస్తుంది. ఇటు చూసే చిలుకకు అటు చూసే జత చిలుక ఊరికే దొరుకుతుంది. ఈ మడత సంగతి గుర్తు పెట్టుకోండి. నేను చేసిన తప్పు ఈ మడతలోనే ఉంది.

పెళ్ళయ్యాక మగ్గం మా ఇద్దరినీ మోయలేకపోయింది. మా ఆయన ఎల్బీ నగర్లో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాడు. దిల్‌సుఖ్‌నగర్లో, మెయిన్ రోడ్డుకు రెండు గల్లీల లోపల, ఒక మేడ కింద గది కిరాయికి తీసుకున్నాం. రోజూ దుకాణం కట్టేశాక ఆయన ఎల్బీ నగర్ చౌరస్తా దాటి అవతలి వైపు బస్సు ఎక్కాలి. ఒక సాయంత్రం దాటలేదు. లారీ. దాని గురించి ఇంతకన్నా చెప్పను.

తర్వాత నేను కుట్టు మిషన్ ముందు కూర్చున్నాను. చీరలకు ఫాల్ కుట్టడం, పీకో చెయ్యడం, కొంగుకు కుచ్చులు వెయ్యడం. అమ్మాయి పదో తరగతికి వచ్చింది. నేను చెప్పే ఈ దసరా నాటికి ఆయన పోయి నాలుగేళ్ళు.

ఆ దసరాకు తెలంగాణ కోసం అందరూ సమ్మెలో ఉన్నారు. బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. బళ్ళు మూతపడ్డాయి. బొగ్గు గనుల్లో పని ఆగేసరికి కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది. దుకాణాల షట్టర్లు సగం ఎత్తి సగం దించి ఉండేవి, నాకు కుట్టడానికి చీరలు వచ్చేవి కావు. సాయంత్రాలు దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాకు పోయి అందరితో పాటు అరిచి వచ్చేదాన్ని. నా గొంతు అప్పుడు బొంగురుపోయింది, మళ్ళీ రాలేదు. పర్వాలేదు, అది దేనికి పోయిందో నాకు తెలుసు.

అదే రోజుల్లో మెయిన్ రోడ్డు మధ్యలో కొందరు మనుషులు గుర్తులు వేసి, మట్టి పరీక్షకు గుంతలు తవ్వి వెళ్ళారు. మెట్రో రైలు వస్తుందట, మన నెత్తి మీద నుంచి స్తంభాల మీద పోతుందట అని గల్లీలో అదే మాట. పాలప్యాకెట్ల దగ్గర కూడా తెలంగాణ ముందు వస్తుందా, రైలు ముందు వస్తుందా అని పందాలు.

మా ఇంటామె గుంటూరు వైపు మనిషి. పై అంతస్తులో ఉంటారు, ఆమె, వాళ్ళ సార్. సార్ రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరయ్యాడు. చెడ్డవాళ్ళు కాదు. మా ఆయన పోయినప్పుడు మూడు నెలలు కిరాయి మాట ఎత్తలేదు. ఏటా దసరాకు ఆమె ముందుగదిలో బొమ్మల కొలువు పెడుతుంది. తొమ్మిది మెట్లు కట్టి, తెల్లగుడ్డ పరిచి, దేవుళ్ళను, పెళ్ళివారిని, కూరగాయల శెట్టిని వరసగా కూర్చోబెడుతుంది. మెట్ల ముందు గచ్చు మీద ప్రతిసారీ ఒక పల్లెటూరో, ఒక తోటో పేరుస్తుంది. ఆ ఏడు సార్ పట్టుబట్టాడు, ఈసారి మెట్రో పెడదామని. ఆయన దగ్గర ఒక ట్రంకు పెట్టె నిండా బొమ్మ రైలు పట్టాలు ఉన్నాయి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పాత సామాన్ల బజార్లో ఒక్కొక్కటే ఏరి తెచ్చుకున్నవి. ఇంజను, మూడు డబ్బాలు, కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద గుండ్రటి పిడి. పిడి తిప్పితే రైలు కదులుతుంది, వెనక్కి తిప్పితే ఆగుతుంది.

కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి పైకి పోతే ఆయన పట్టాల మధ్య గచ్చు మీద కూర్చుని ఉన్నాడు.

"కలవటం లేదమ్మా. కాగితం మీద కలుస్తున్నాయి, కింద పెడితే వేలెడు ఎడం వస్తోంది."

చూశాను. తెల్లకాగితం మీద గీశాడు, గాలిలో దారి గీసినట్టు.

"గడుల కాగితం మీద గీయాలె సార్. అమ్మాయి లెక్కల పుస్తకంల ఉన్నయి, తెస్త."

పట్టా ఒకటి చేతిలోకి తీసుకున్నాను. సరిగ్గా జానెడు. వంకర పట్టాలు పన్నెండు కలిపితే ఒక గుండ్రం. ఇంకేం కావాలి? జానెడుకు మూడు గడులు అనుకున్నాను. ఆ పూట నేను కిందికి దిగేసరికి సార్ గీసిన దారి అంతా నా కాగితంలో సరిగ్గా కలిసింది. ఇంటామె కాఫీ తెచ్చి, కాగితం చూసి, "నువ్వే వేసిపెట్టకూడదూ?" అంది.

"వేస్త. నాకేం ఇయ్యొద్దు. పేరంటం నాడు రైలు నేనే నడపాలె. నా చేత్తో."

"నువ్వు కాకపోతే ఎవరు నడుపుతారు? ఈయనకి చేతులు వణుకుతాయి" అంది నవ్వుతూ.

ఆమె నవ్వుతూ అన్నది. నేను నవ్వుతూ వినలేదు. మొగుడు పోయినదాన్ని పేరంటానికి పిలవరని నాకు తెలుసు. నాలుగేళ్ళుగా వాయినాలు పట్టుకుని మెట్లు దిగే ఆడవాళ్ళను నా గది గుమ్మంలోంచి చూస్తున్నదాన్ని. వాయినం నాకు అక్కర్లేదు. నేను గీసిన దారిలో నేను నడిపే రైలు వాళ్ళందరూ చూడాలి. నాకు కావలసింది అంతే.

దారి ఎట్లా గీశానో చెబుతాను. కొలువు అడుగు మెట్టు కింద బోలుగా ఉంటుంది. దాని కిందే భూగర్భ రైలు, అంటే సొరంగం. సొరంగంలో చివరి స్టేషన్ ఎల్బీ నగర్. అక్కణ్ణించి రైలు బయలుదేరి, దేవుళ్ళ కాళ్ళ కింద నుంచి బయటికి వచ్చి, ఎడమ వైపు మెల్లగా పైకెక్కి, స్తంభాల మీద దిల్‌సుఖ్‌నగర్ అంతా చుట్టి, కుడి వైపు దిగి, మళ్ళీ సొరంగంలోకి పోవాలి.

సార్ అడ్డం వచ్చాడు. "ఎల్బీ నగర్లో కూడా పైనే అంటున్నారమ్మా, పేపర్లో వేశాడు."

"పేపర్ల ఎట్లన్న ఉండనియ్యండి సార్. నా ఎల్బీ నగర్ల రైలు భూమి కిందనే. దుకాణంల నుంచి వచ్చిన మనిషి రోడ్డు దాటొద్దు. ఇటే మెట్లు దిగాలె, రైలెక్కాలె, దిల్‌సుఖ్‌నగర్ల దిగాలె."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

పైకెక్కించడం కష్టమైంది. నిలువుగా ఎత్తితే ఇంజను చక్రాలు అక్కడక్కడే తిరిగేవి. బట్టల తాన్లు చుట్టి వచ్చే అట్టగొట్టాలు మా ఆయన తెచ్చినవి ఇంకా మంచం కింద ఉన్నాయి. నాలుగేళ్ళలో వాటిని పారెయ్యలేదు, ఎందుకో చెప్పలేను. వాటినే కోసి స్తంభాలు చేశాను. రెండు జానలకు ఒక వేలు ఎత్తు పెంచుకుంటూ పోతే ఇంజను గునుస్తూనే ఎక్కింది. వేలికి వేలు కలిసి బెత్తెడు ఎత్తు వచ్చింది. ఆ బెత్తెడు కింద బొమ్మ బస్సు దూరింది, బొమ్మ ఆటో దూరింది. అమ్మాయి అగ్గిపెట్టెలతో బట్టల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, మిర్చిబజ్జీల బండి చేసింది. కోచింగ్ సెంటర్ల బోర్డులే ఎక్కువయ్యాయి. నిజంగా కూడా అంతే కదా.

ఇక దారి మాట. పుట్టింటి అలవాటు చేతిని వదలదు. నేను సగమే గీశాను. నడిమధ్యలో సొరంగం నుంచి వచ్చే ఒంటి దారి, అక్కణ్ణించి ఎడమ సగం. కాగితం మడిచి చూస్తే కుడి సగం తనే వచ్చింది. ఒక దారి రెండుగా చీలేచోట పాయింటు అనే పట్టా ఉంటుంది, దాన్ని నడిమధ్యలో పెట్టాను. ఎడమ రెక్క, కుడి రెక్క, చివర రెండు కొసలూ కలిసే చోటు. చీర కొంగులా ముచ్చటగా ఉంది. ఎంత ముచ్చటగా ఉందంటే సార్ కూడా తప్పు పట్టలేదు.

పక్కింట్లో మా జిల్లా ఆమె ఒకతె ఉంటుంది. భర్త ఆటో నడుపుతాడు. నన్ను వదినె అంటుంది, నేనూ ఆమెను వదినె అంటాను. ఒకరోజు నల్లా దగ్గర పట్టుకుంది.

"ఏందొదినె, పొద్దాక మీదనే ఉంటున్నవు?"

"రైలు వేస్తున్న."

"మనం ఊరంత బండ్లు బంద్ పెట్టి కొట్లాడుతుంటే నువ్వు ఆంధ్రోళ్ళ ఇంట్ల రైలు నడుపుతున్నవా? సమ్మెల తిరిగే రైలు నీదొక్కటే ఉన్నట్టుంది."

నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది, బిందె వైపు తిరిగి దాచుకుంది.

"రైలు నాది. బొమ్మలే ఆమెయి."

"సరే తియ్యి. రేపు చౌరస్తల బతుకమ్మ ఆడుతున్నం. వస్తవు గద?"

"వస్త. ఈసారి బతుకమ్మను నేను ఎత్తుకుంట."

ఆమె బిందె నిండి నీళ్ళు పొర్లిపోతున్నా కట్టెయ్యలేదు. "నువ్వు పాట అందుకో ఒదినె. నీ గొంతు పెద్దది. ఎత్తుకునుడంటె... నీకు తెల్వంది ఏముంది?"

"తెలుసు. తెలంగాణ వస్తే నా నొసలు మారుతదా, గిట్లనే ఉంటదా? గది జర అడిగి చెప్పు."

"నన్నేం అడుగుతవు, నేను పెట్టిన పద్ధతా?" అని బిందె ఎత్తుకుని పోయింది.

మరునాడు చౌరస్తాకు పోయాను. పాట నేనే అందుకున్నాను, చప్పట్లు కొట్టాను, బతుకమ్మను ఎత్తుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు అనుకున్నాను, ఇక్కడ ఊరుకున్నాను, అక్కడ ఊరుకోను.

అక్కడ ఊరుకోని మనిషి ఇంకొకామె వచ్చి ఉంది. సార్‌కు అక్క. విజయవాడ నుంచి నాలుగు రోజులు ఉండి పోదామని సమ్మెకు ముందే వచ్చింది. బస్సులు ఆగిపోయాయి, రైళ్ళు నమ్మకం లేదు, ఇక్కడే ఇరుక్కుపోయింది. అందుకే రోజంతా విసుగు. కొలువు పెట్టిన మొదటి రోజు మెట్లకు దేవుళ్ళను ఎక్కించాక, నేను గచ్చు మీద పట్టాలు పరుస్తుంటే నా ముందే ఇంటామెతో అంది.

"అమ్మాయ్, ఆ పిల్ల కింద గచ్చు మీద ఏం చేసుకుంటుందో చేసుకోనీ. కొలువు మాత్రం ముట్టుకోకూడదు. పేరంటం నాడు ఇటు రాకూడదు. రైలు తమ్ముడు నడుపుతాడు."

నాకు అప్పుడు నలభై దాటాయి. పిల్లట.

ఇంటామె ఏమీ అనలేదు. ఆమె ఊరుకోవడం నాకు ఆ మాటకన్నా ఎక్కువ తగిలింది. పేరంటం శుక్రవారం పెట్టుకున్నారు. గురువారం పొద్దున ఆమె కుంకుమ భరిణె పట్టుకుని గల్లీలో ఇంటింటికీ బొట్టు పెట్టి పిలిచి వచ్చింది. చివరికి నా గది ముందు ఆగింది. భరిణె కొంగు కింద పెట్టుకుంది. బొట్టు పెట్టకుండా పిలవడం ఎట్లాగో ఆమెకు రాదు.

"మా వదినగారి సంగతి నీకు తెలుసుగా. పెద్దావిడ. నాలుగు రోజుల్లో వెళ్ళిపోతారు" అంది.

"మీరు మాటిచ్చిన్రమ్మా."

"ఇచ్చాను."

"మరి నేను వస్త. మీరు పిలవకున్నా వస్త. మెట్లు దిగుమని మీరు నోటితో చెప్తే దిగుత. వేరేవాళ్ళు చెప్తే దిగ."

ఆమె భరిణె మూత తీసి, మళ్ళీ పెట్టి, వెళ్ళిపోయింది.

ఆ పూటే రైలుకు పరీక్ష. ఎడమ రెక్క ముందురోజే నడిపి చూశాం, బాగానే ఎక్కింది. కుడి రెక్క కూడా విడిగా నడిచింది. మిగిలింది రెండు కొసలనూ కలిపే ఒక్క పట్టా. నేనే పెట్టాను. పెట్టగానే ట్రాన్స్‌ఫార్మర్ మీది ఎర్రలైటు ఆరిపోయింది.

"కరెంటు పోయినట్టుంది" అన్నాడు సార్.

అందరం పైకి చూశాం. ఫ్యాన్ తిరుగుతోంది.

పట్టా తీశాను. లైటు వెలిగింది. పెట్టాను. ఆరింది. మూడోసారి కూడా అంతే. సార్ అక్క సోఫాలోంచి లేవకుండానే అంది, "నేను చెప్తే విన్నారా? ఆ చెయ్యి పడితే ఇట్లాగే ఉంటుంది. దీపం ఆరిపోతోంది, చూడు తమ్ముడూ, దీపం."

మా అమ్మాయి అగ్గిపెట్టె దుకాణం చేతిలో పట్టుకుని నావైపు చూస్తోంది. అప్పుడు నేను కిందికి దిగిపోతే అది ఆ మాటే నిజమనుకుంటూ పెరిగేది. అందుకే దిగలేదు.

"సార్, కరెంటు పట్టాలల్ల ఎట్ల పోతది? నాకు తెలిసేటట్టు చెప్పండి."

"పట్టాకున్న రెండు కమ్మీల్లో ఒకదాంట్లోంచి పోయి, ఇంజను గుండా రెండో కమ్మీలోంచి తిరిగొస్తుందమ్మా. ఆ రెండూ ఒకదాన్నొకటి తాకకూడదు. తాకితే ఇది తనంతట తనే ఆగిపోతుంది."

అంటే రెండు రంగుల నూలు. ఒకటి ఇంకోదాంట్లోకి దిగకూడదు. ఇంత సులువుగా ముందే చెబితే ఏం పోయేది?

కిందికి పోయి రెండు దారం ఉండలు తెచ్చాను, ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. సొరంగం నోటి దగ్గర మొదలుపెట్టి, ఎడమ కమ్మీ వెంట ఎర్రదారం, కుడి కమ్మీ వెంట తెల్లదారం పరుచుకుంటూ పాకాను. పాయింటు దగ్గర రెండు రంగులూ రెండు రెక్కల్లోకి చీలాయి. ఎడమ రెక్క చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎరుపు బయటి వైపు ఉంది. కుడి రెక్క చుట్టూ తిరిగి వచ్చేసరికి తెలుపు బయటి వైపు ఉంది. రెండు కొసలూ ఎదురుపడ్డచోట ఎరుపు మీదికి తెలుపు వచ్చింది.

నా మడతే. ఇటు చూసే చిలుక, అటు చూసే చిలుక. బట్ట మీద వాటి ముక్కులు కలిస్తే ఎంత అందం. ఇక్కడ కలిస్తే లైటు ఆరుతుంది.

గచ్చు మీద కూర్చునే సార్ అక్క వైపు తిరిగాను.

"తప్పు నాదే అమ్మా. నా చెయ్యి చేసిన తప్పు. మడతపెట్టి గీసిన, మడత పెట్టొద్దుండె. నా చెయ్యి తప్పు చేసింది గానీ నా నొసలు చెయ్యలే. ఇగో ఎర్రదారం, ఇగో తెల్లదారం. వచ్చి చూసుకోండి."

ఆమె రాలేదు. సార్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దారాలను చూశాడు. "ముప్పై ఏళ్ళు రైల్వేలో ఉన్నాను, నాకు తట్టలేదే" అన్నాడు.

తప్పు తెలిశాక దిద్దడం ఎంతసేపు? పాయింటు తీసెయ్యాలి. దారి రెండుగా చీలకూడదు, ఒకే పోగు కావాలి. కుడి రెక్క దిగివచ్చాక ఒంటి దారిలో కలవకుండా, దాని పక్కనుంచే సొరంగంలోకి ఇంకో నోటితో పోవాలి. లోపల వంకర తిరిగి ఎల్బీ నగర్ స్టేషన్ వెనక నుంచి వచ్చి కలవాలి. తెగని దారం. ఎరుపు ఎప్పుడూ ఎరుపులోకే వస్తుంది. ట్రంకులో వంకర పట్టాలు ఆరు మిగిలి ఉన్నాయి. సరిపోతాయి. కుడి ఎడమలు ఇక ఒకేలా ఉండవు, కొంగు అందం పోతుంది. పోనీ. నేను వేసేది చీర కాదు.

అయితే ఆ పట్టాలు వెయ్యాలంటే మెట్ల కింద దూరాలి. పైన తొమ్మిది మెట్ల దేవుళ్ళు. కొలువు పెట్టాక కదపకూడదు.

"వద్దు" అంది సార్ అక్క, లేచి నిలబడి. "దేవుళ్ళ కిందికి ఆ మనిషి పాకటమేంటి? రైలు లేకపోతే కొలువు కాదా? తీసెయ్యండి."

"దేవుళ్ళను కదపనమ్మా. తెల్లగుడ్డ జర ఎత్తితే చాలు, దూరి వస్త."

"గుడ్డ ముట్టుకోకు."

అప్పుడే కరెంటు నిజంగా పోయింది. పగలే అయినా ఆ గదిలో మూలకు వెలుతురు చాలదు, మెట్ల కింద అసలే చీకటి. నేను గుడ్డ ముందు మోకాళ్ళ మీద ఉన్నాను. చెయ్యి చాచలేదు. తలెత్తితే ఇంటామె నిలబడి ఉంది. ఆమె నోటితో దిగమంటే దిగుతానని పొద్దున నేనే అన్నాను. ఆ మాటకు కట్టుబడి ఉండాలి కదా. చూస్తున్నాను. ఆమె వంటింట్లోకి పోయింది. పోయిందే అనుకున్నాను. టార్చిలైటు పట్టుకుని వచ్చింది. నా పక్కన గచ్చు మీద కూర్చుని, ఒక చేత్తో తెల్లగుడ్డ ఎత్తి, ఇంకో చేత్తో లైటు లోపలికి వేసింది.

"తొందరగా కానీ, మోకాళ్ళు పట్టేస్తాయి నాకు" అంది.

దూరాను. దుమ్ము, బొద్దింకల మందు వాసన, నెత్తి మీద చెక్కలు. లోపల పట్టా మీద పట్టా కలుపుతుంటే పైన వెంకటేశ్వరుడు ఉన్నాడో, కూరగాయల శెట్టి ఉన్నాడో నాకు తెలియదు. ఎవరున్నా కిందికి పడలేదు. బయటికి వచ్చేసరికి సార్ అక్క గదిలో లేదు. ఇంటామె ఇంకా గుడ్డ అట్లాగే పట్టుకుని ఉంది.

మళ్ళీ దారాలు పరిచాం. ఎరుపు ఎరుపుతో, తెలుపు తెలుపుతో. మధ్యాహ్నం కరెంటు వచ్చాక చివరి పట్టా పెట్టాను. లైటు ఆరలేదు. అమ్మాయి ఎగిరింది. నేను ఎగరలేదు, ఇంకా శుక్రవారం ఉంది.

శుక్రవారం కరెంటు నాలుగింటికి వచ్చి ఆరింటికి పోయే వంతు. పేరంటం ఆ రెండు గంటల్లోనే. ఉతికిన పోచంపల్లి చీర కట్టుకున్నాను, నేను చిటికి కట్టిందే, మా ఆయన నేసిందే. నాలుగు కొట్టగానే మెట్లెక్కి పోయి, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గచ్చు మీద కూర్చున్నాను. ఒక్కొక్కరే వచ్చారు. గుంటూరు వైపు వాళ్ళు, మావైపు వాళ్ళు. నన్ను చూసి కొందరు చూపు తిప్పుకున్నారు. ఒకామె పక్కామె చెవిలో ఏదో అంది. వినబడలేదు, వినబడకపోయినా తెలుసు. నేను పిడి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. పక్కింటి వదినె వచ్చి, గది అంతా చూసి, సరాసరి నా పక్కనే కూలబడింది.

"దీనికి సమ్మె లేదా?" అంది గట్టిగా.

"ఇది ప్రైవేటు" అన్నాను. నలుగురు నవ్వారు. గది కొంచెం సడలింది.

సార్ అక్క లోపలి గది గుమ్మంలో నిలబడింది. లోపలికి పోలేదు, బయటికీ రాలేదు.

పిడి తిప్పాను. సొరంగంలోంచి ఇంజను మొహం బయటపెట్టింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ముందుకు వంగారు. ఎడమ వైపు గునుస్తూ ఎక్కింది, అట్టగొట్టాల మీద దిల్‌సుఖ్‌నగర్ చుట్టింది. మిర్చిబజ్జీల బండి మీదుగా, కోచింగ్ సెంటర్ల మీదుగా. "అది మన గల్లీనే" అని ఎవరో వేలు పెట్టి చూపించారు. కుడి వైపు దిగి, రెండో నోట్లోంచి మెట్ల కిందికి దూరిపోయింది. మొదటి నోటి నుంచి మళ్ళీ వచ్చింది. రెండు చుట్లు, మూడు చుట్లు. ఇంటామె పళ్ళెం పట్టుకుని వరసగా బొట్టు పెట్టి, శనగలు, అరటిపండు, రవికెగుడ్డ ఇస్తూ వస్తోంది. నా దగ్గరికి వచ్చి ఆగింది. నేను తలెత్తలేదు, కళ్ళు రైలు మీదే ఉన్నాయి. ఒళ్ళో శనగల పొట్లం, అరటిపండు పడ్డాయి. బొట్టు పెట్టలేదు, గుడ్డ ఇవ్వలేదు. నేను బొట్టు అడగలేదు. అడిగినదాని మీద నా చెయ్యి ఉంది.

నాలుగో చుట్టులో రైలు సొరంగంలోకి పోయాక పిడి వెనక్కి తిప్పేశాను.

రైలు బయటికి రాలేదు. అందరూ మొదటి నోటి వైపు చూస్తున్నారు. శనగలు నమిలేవాళ్ళు నమలడం ఆపారు. వదినె నావైపు చూసి, పిడి మీద నా చెయ్యి చూసి, ఊరుకుంది. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది.

ఇంకాసేపయ్యింది. గుమ్మంలోంచి సార్ అక్క రెండడుగులు ముందుకు వచ్చింది. మెట్ల వైపు వంగి చూసింది. ఎవరినీ కాకుండా నన్నే అడిగింది.

"ఇంకా రాలేదేం?"

"ఎల్బీ నగర్ల ఆగిందమ్మా" అన్నాను. "దుకాణం ఇప్పుడే కట్టేసిన్రు. ఒక మనిషి మెట్లు దిగుతున్నడు. ఎక్కనియ్యండి."

ఆమె అక్కడే నిలబడింది. ఒక మనిషి తీరిగ్గా మెట్లు దిగి, లోపలికి ఎక్కి, కిటికీ పక్కన చోటు చూసుకుని కూర్చోవడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ వాళ్ళందరినీ అట్లాగే కూర్చోబెట్టాను. తర్వాత పిడి తిప్పాను.